కోరాపుట్ ఘాటీల్లో నాలుగు రోజులు: జట్టుగా బైకుల మీద వెళ్లేవాళ్లకు

ఒడిశాలోని రాయగడలో బయల్దేరి లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్. మర్నాడు సిమిలిగుడ వెళ్లి దేవమాలి ఎక్కి దిగడం. మూడో రోజు నందపూర్, పాడువా, జోలాపుట్, ఒనకడిల్లి, లమతపుట్ చూసుకుని జయపురం చేరడం. నాలుగో రోజు జయపురం ఘాటీ (మలుపుల కొండ రోడ్డు) ఎక్కి కోరాపుట్, పొట్టంగి, సుంకి దాటి సాలూరు ఘాటీ దిగి, పార్వతీపురం మీదుగా మళ్లీ రాయగడ. అన్నీ కలిపితే సుమారు 550 కిలోమీటర్లు.

మ్యాపు చూసినవాళ్లు ఇది రెండు రోజుల పని అనుకుంటారు. అవదు. ఘాటీల్లో, పల్లె రోడ్ల మీద ఆగుతూ సాగుతూ పోతే గంటకు 25 కిలోమీటర్లే లెక్క వేసుకోవాలి. జాతీయ రహదారి మీద 40 వేసుకోవచ్చు. డిసెంబరులో అయిదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, లోయల్లో ఇంకా ముందే చీకటి పడుతుంది. నాలుగున్నరకల్లా బస దగ్గర బండి స్టాండు వేసేలా రోజును వెనక నుంచి ముందుకు లెక్క కట్టుకోండి. ఇక్కడ చీకట్లో బండి నడపకూడదు. ఒక్కరు మొండికేసినా జట్టు ఒప్పుకోవద్దు.

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబరులో బయల్దేరేవాళ్లు ఎక్కువ. బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే నెలల్లో అదీ ఒకటి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అక్టోబరులోనే వెళ్లక తప్పదంటే వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ చూసుకోండి. అల్పపీడనం మాట వినిపిస్తే వాయిదా వేసేయండి. వాన వెలిసిన రెండు మూడు రోజుల వరకూ ఘాటీలో రాళ్లు జారుతూనే ఉంటాయి.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో ఇదే పెద్ద శిఖరం. లద్దాఖ్ వీడియోలు చూసి ఊపిరాడదేమోనని మందులు సర్దుకునేవాళ్లున్నారు, ఈ ఎత్తుకు అవేం అక్కర్లేదు. చలి మాత్రం నిజం. జనవరి తెల్లవారుజామున సిమిలిగుడ, పొట్టంగి వైపు ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగుతుంది, మంచు కమ్మేస్తుంది. చేతివేళ్లు కొంకర్లు పోతే బ్రేకు లివరు మీద పట్టు తప్పుతుంది. అందుకే స్వెట్టరు కన్నా ముందు గాలి చొరబడని గ్లౌజులు కొనుక్కోండి.

బండి సంగతి

ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి కొండదారి బైకులు ఉంటే హాయి. లేకపోయినా 150 సీసీ పల్సర్ మీద ఈ దారంతా తిరగొచ్చు. తిప్పలు పెట్టేది ఇంజను సైజు కాదు, అరిగిన టైర్లు, పాతబడిన బ్రేకు ఫ్లూయిడు, మోయలేనంత సామాను.

బయల్దేరడానికి పది రోజుల ముందే సర్వీసింగ్ చేయించండి. ముందు రోజు చేయిస్తే మెకానిక్ బిగించకుండా వదిలేసిన నట్టు ఘాటీలో బయటపడుతుంది. సర్వీసింగ్ తర్వాత వంద కిలోమీటర్లు తిప్పి, ఇంజను ఆయిలు డ్రెయిన్ బోల్టు, ఇరుసు నట్లు, హ్యాండిల్ బోల్టులు, క్యారియర్ బోల్టులు మళ్లీ ఓసారి చూసుకోండి.

బ్రేకు ప్యాడ్ల మందం రెండు మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి. డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడు రెండేళ్లు దాటితే పూర్తిగా తీసి కొత్తది పోయించండి. ఆ ఫ్లూయిడు గాల్లో తేమను పీల్చుకుంటుంది. దిగుడులో బ్రేకు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది. అప్పుడు లివరు నొక్కితే బుడగలే నలుగుతాయి గానీ ప్యాడు కదలదు.

స్పోకుల చక్రాలైతే చిన్న స్పానరుతో ఒక్కో స్పోకును తట్టి వినండి. బిగువుగా ఉన్నది 'టింగ్'మంటుంది, వదులైంది 'టక్'మని మొద్దుగా పలుకుతుంది. ఒకటి రెండు వదులుగా ఉంటే సర్దించుకోవచ్చు. వరసగా నాలుగు మొద్దుగా పలికితే చక్రాన్ని ట్రూయింగ్‌కి (వంకర తీయించడానికి) ఇవ్వాల్సిందే. చైను వదులు మామూలు బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. పొడవు సస్పెన్షన్ బండికి ఇంకాస్త ఎక్కువ, ఆ అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. సామాను, మనిషి ఎక్కాక చైను ఇంకా బిగుస్తుందని మరిచిపోయి ముందే బిగించేస్తే స్ప్రాకెట్టు బేరింగు పోతుంది.

క్లచ్ వైరు విషయంలో ఒక ఉపాయం. కొత్త వైరును పాతదాని పక్కనే, అదే దారిలో పరిచి, రెండు చివర్లకూ టేపు చుట్టి ఉంచేయండి. దారిలో తెగితే ట్యాంకు విప్పే పని లేదు, రెండు కొసలూ తగిలించుకుంటే పది నిమిషాల్లో కదలొచ్చు.

సామాను మనిషికి 12 కిలోలు దాటనివ్వొద్దు. బరువైనవి కింద, సీటుకి దగ్గరగా కట్టాలి. వెనక క్యారియర్ మీద బరువు పెరిగే కొద్దీ ముందు చక్రం తేలికవుతుంది. దేవమాలి నిట్టెక్కుడు మలుపుల్లో హ్యాండిల్ తిప్పినా బండి తిరగనట్టు అనిపించేది అందుకే.

పనిముట్లు అందరూ అన్నీ మోయనక్కర్లేదు, పంచుకోండి. జట్టు మొత్తానికి 8, 10, 12, 14 స్పానర్లు, ప్రతి బండి ఇరుసు నట్టుకీ సరిపడే స్పానరు, 4, 5, 6 ఆలెన్ కీలు, ప్లగ్ స్పానరు, మూడు టైరు లివర్లు, చేతి పంపు, ప్యాచీలూ సొల్యూషనూ, ఒక్కో సైజు చైనుకి ఒక లింకు, ఫ్యూజులు, రెండు మీటర్ల కరెంటు వైరు, జిప్ టైలు, అర లీటరు ఇంజను ఆయిలు, ఆరు మీటర్ల తాడు. ఒక ఎం-సీల్ ప్యాకెట్టు తప్పకుండా ఉండాలి. రాయి తగిలి ఇంజను కేసు పగిలితే, ఆ చోటును పెట్రోలుతో తుడిచి ఆరనిచ్చి ఎం-సీల్ మెత్తి, గట్టిపడే దాకా ఆగితే ఊరు చేరొచ్చు. ట్యూబులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. 21 అంగుళాల ముందు టైరు ట్యూబు ఇక్కడి పంక్చర్ షాపుల్లో దొరకడం కష్టం. వెనక ట్యూబు చిరిగి వేరే లేకపోతే ఆ 21 ట్యూబునే మడిచి 18 అంగుళాల చక్రంలో పెట్టి మెల్లగా ఊరు దాకా తెచ్చుకోవచ్చు. అది తాత్కాలికమే.

జట్టు నడక

నాలుగు నుంచి ఆరు బళ్లు. అంతకు మించితే రెండు జట్లుగా చీలిపోండి. దారి తెలిసినవాడు ముందు, పనిముట్లున్న నిదానస్తుడు చివర, అందరికన్నా కొత్తవాడు రెండో స్థానంలో. కొత్తవాణ్ణి వెనక వదిలితే ముందువాళ్లను అందుకోవాలని తొందరపడతాడు, పడిపోయేదీ అప్పుడే.

ఫోను సిగ్నలు లేనిచోట దారి తప్పకుండా ఒకే ఒక్క నియమం: చీలిక వస్తే, వెనక బండి కంటికి కనిపించే దాకా అక్కడే ఆగాలి. అందరూ ఇది పాటిస్తే ఎవరూ తప్పిపోరు. మ్యాపులు ముందే ఫోనులో దించుకోండి. తారు రోడ్డు మీద బండికీ బండికీ మూడు సెకన్ల ఎడం, దుమ్ము రోడ్డు మీద కనీసం యాభై మీటర్లు.

పెట్రోలు లెక్క చిన్న ట్యాంకు బండిని బట్టి వేయాలి. రాయగడ, కోరాపుట్, సిమిలిగుడ, జయపురంలో బంకులున్నాయి. ఘాటీలో మైలేజీ పావు వంతు పడిపోతుందనుకోండి. మూడో రోజు పొద్దున్న సిమిలిగుడలో అందరూ ఫుల్ ట్యాంకు చేయించాల్సిందే. నీళ్ల బాటిల్లో పెట్రోలు పట్టుకెళ్లొద్దు. ఆ ప్లాస్టిక్కు ఎండకు, కుదుపులకు ఆగదు.

దిగుడు

పడిపోయేవాళ్లలో ఎక్కువమంది ఎక్కుడులో పడరు. ఎక్కేటప్పుడు కొండే వేగాన్ని పట్టి ఉంచుతుంది. దిగేటప్పుడు ఆ పని మీరు చేయాలి. సుంకి నుంచి సాలూరు దిగేటప్పుడైనా, దేవమాలి దిగేటప్పుడైనా, ఏ గేరులో ఎక్కగలరో అదే గేరులో దిగండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేయడం, ఇంజను ఆపేయడం పనికిరాదు. మలుపుకి ముందే బ్రేకు వేసి వేగం తగ్గించి, మలుపు లోపల బ్రేకు వదిలేయాలి. కాలు అస్తమానం వెనక బ్రేకు మీద ఆనించి ఉంచితే అది వేడెక్కి మొద్దుబారుతుంది. మాడు వాసన వచ్చినా, ముందు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తున్నా వెంటనే పక్కకు తీసి ఇరవై నిమిషాలు ఆగండి. నీళ్లు పోయకండి, వేడి డిస్కు వంకర తిరుగుతుంది.

పిన్ను మలుపుల్లో లారీ తిరగడానికి రోడ్డంతా కావాలి. లారీ బయటి వైపుకి జరిగింది కదా అని లోపలి సందులోకి దూరితే, వెనక చక్రాలు మీ వైపే వస్తాయి. హారన్ కొట్టి మలుపుకి ముందే ఆగండి. ఎక్కే బండికి దారి ఇవ్వడం ఘాటీ మర్యాద. నిండు ట్యాంకుల లారీల నుంచి మలుపుల్లో డీజిలు చిందుతుంది. తారు మీద ఇంద్రధనుస్సు రంగు మరక కనబడితే బండి వంచకుండా నిదానంగా దాటాలి.

రోడ్డు మీద చోళ్లు

ఇది ఈ ప్రాంతం తెలియనివాళ్లు ఊహించరు. నవంబరు, డిసెంబరుల్లో పల్లెల దగ్గర చోళ్లు (రాగులు), వరి, చిరుధాన్యాల కంకులను రోడ్డు మీదే పరుస్తారు. బళ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుంది. గడ్డి కింద తారు కనబడదు, గింజ మీద చక్రం గోళీల మీద జారినట్టు జారుతుంది. బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. ముందే వేగం తగ్గించి నిటారుగా పోనివ్వండి. దాటాక ఆగి చైను, వెనక ఇరుసు చూడండి. పీచు గడ్డి స్ప్రాకెట్టు వెనక చుట్టుకుని ఆయిల్ సీలును కోసేస్తుంది. అది వాళ్ల ఏడాది తిండి. విసుక్కోకుండా నెమ్మదిగా పోండి.

సంత రోజులు తెలుసుకోండి. శుక్రవారం సిమిలిగుడ దగ్గరి కుందులిలో, గురువారం ఒనకడిల్లిలో సంత. రోడ్డు నిండా కావళ్లు, మేకలు, నడిచెళ్లే జనం. సాయంత్రం జీలుగు కల్లు తాగి ఇళ్లకు మళ్లేవాళ్లు రోడ్డు మధ్యలో నడుస్తారు. ఒనకడిల్లి సంతకు బోండా గిరిజన ఆడవాళ్లు కొండ దిగి వస్తారు. వాళ్లు చూడ్డానికి పెట్టిన బొమ్మలు కారు, సరుకు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు. కెమెరా సంచిలోనే ఉంచండి. మాచ్‌ఖండ్, జోలాపుట్ విద్యుత్ ప్రాజెక్టు దగ్గర కూడా ఫొటోలు, డ్రోన్లు వద్దు.

రాయగడ, సిమిలిగుడ, పొట్టంగి వైపు తెలుగు బాగానే చెల్లుతుంది. లోపలి ఊళ్లలో రెండు ఒడియా ముక్కలు చాలు: 'రాస్తా ఖొరాప్ అచ్ఛి కి?' అంటే దారి పాడైందా అని, 'పాణి కెతే?' అంటే నీళ్లు ఎంత ఉన్నాయని. వాగు దగ్గర రెండోది తప్పక అడగండి.

వాగు, బురద, పడిన బండి

వాగును ముందు ఒకరు నడిచి దాటి చూడాలి. నీళ్లు మోకాలు దాటినా, కాలిని లాగుతున్నా బండి దించొద్దు. ఇరుసు ఎత్తు దాకా అయితే మొదటి గేరు, ఒకే తీరు యాక్సిలరేటరు, మధ్యలో క్లచ్ నొక్కకుండా పోవాలి. నీళ్లలో ఇంజను ఆగిపోతే సెల్ఫు కొట్టకండి. సిలిండరులో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒడ్డుకి తోసి, ప్లగ్గు విప్పి, అప్పుడు సెల్ఫు తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టరు తీసి ఆరబెట్టి, ఆయిలు తెల్లగా మజ్జిగలా మారిందేమో చూడండి. మారితే ఆయిలు మార్చేదాకా నడపొద్దు.

తడి ఎర్రమట్టి ముందు మడ్‌గార్డు కింద గట్టిగా పేరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. చిన్న కర్ర దగ్గర ఉంచుకుని చక్రం బరువెక్కినప్పుడల్లా గీకేయండి.

నిట్టెక్కుడులో బండి ఆగిపోతే క్లచ్ నొక్కకండి. గేరులోనే ఉంచి ముందు బ్రేకు పట్టుకుంటే వెనక్కి జారదు. పడితే మొదట ఇంజను ఆపాలి. చక్రాలు పల్లం వైపు వచ్చేలా బండిని నేల మీదే తిప్పి, ఇద్దరు కలిసి లేపండి. ఒక్కరే లేపబోయి నడుం పట్టేసుకుంటే మిగతా మూడు రోజులూ జట్టంతా ఆగిపోతుంది.

దెబ్బ పెద్దదైతే 108. పొట్టంగి, సాలూరు మధ్య కొండల్లో ఫోను ఏ రాష్ట్రం టవరును పట్టుకుంటుందో చెప్పలేం. కాల్ కలవగానే మొదట జిల్లా పేరు, తర్వాత దగ్గరి ఊరు పేరు చెప్పండి. పెద్దాసుపత్రి కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల.

కోరాపుట్, మల్కనగిరి వైపు మలేరియా ఉంది. రాత్రి దోమతెర, సాయంత్రం నుంచి ఒంటికి దోమల మందు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. ఇంటికొచ్చిన మూడు నాలుగు వారాల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా అలసట అనుకుని ఊరుకోవద్దు. కోరాపుట్ వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.