అవుట్‌లుక్ క్యాలెండర్‌తో కోడింగ్ - నాలుగో పాఠం: ప్రతి వారం జరిగే మీటింగ్ జాబితాలోకి ఎందుకు రాదు?

పోయిన పాఠంలో ఎక్సెల్ వీబీఏ (ఎక్సెల్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) నుంచి అవుట్‌లుక్‌ను పిలిచాం. డిఫాల్ట్ క్యాలెండర్ ఫోల్డర్ తెరిచి (దాని నంబర్ 9, గుర్తుందిగా), ఒక్కో అపాయింట్‌మెంట్ పేరునూ మొదలయ్యే సమయాన్నీ షీట్‌లోకి దింపాం. అదే కోడ్‌తో ఈ వారం మీటింగులు మాత్రమే తీయబోతే చాలామంది ఒకేచోట ఇరుక్కుంటారు. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క చిక్కు గురించే.

మాదాపూర్‌లో ఒక ఆఫీసు అనుకుందాం. జనవరి నుంచి ప్రతి సోమవారం ఉదయం 10 గంటలకు టీమ్ రివ్యూ ఉంటుంది. ఈ బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు ఒక క్లయింట్ మీటింగ్, అది ఒక్కసారే. కోడ్ నడిపితే బుధవారం మీటింగ్ వస్తుంది, సోమవారం రివ్యూ రాదు. అవుట్‌లుక్‌లో చూస్తే రెండూ కళ్లెదుటే ఉంటాయి. ఎర్రర్ మెసేజ్ కూడా ఏమీ రాదు. నన్నడిగితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే కోడ్ కంటే ఇలాంటిదే ప్రమాదం. ఆ షీట్ నమ్మి అడ్మిన్ వాళ్లు సోమవారం పదింటికి రూమ్ ఖాళీ అనుకుని ఇంకో టీమ్‌కు ఇచ్చేస్తారు.

కారణం ఇది. రిపీట్ అయ్యే మీటింగ్‌ను అవుట్‌లుక్ వారానికొకటి చొప్పున దాచుకోదు. పాలవాడి ఖాతాలో 'రోజూ అర లీటరు' అని ఒక్కసారే రాసుకున్నట్టు, ఒకే ఐటెమ్‌నూ దాని పక్కన ఒక నియమాన్నీ ఉంచుకుంటుంది. ఆ ఐటెమ్‌కు స్టార్ట్ తేదీ జనవరిలో జరిగిన మొదటి మీటింగ్‌ది. మన కోడ్ 'ఈ వారంలో మొదలయ్యేవి' అని అడిగింది, జనవరి తేదీ అందులోకి రాదు కాబట్టి ఆ ఐటెమ్‌ను పక్కన పెట్టేసింది. క్యాలెండర్‌లో మనకు కనిపించే సోమవారాలన్నీ ఆ నియమాన్ని బట్టి అప్పటికప్పుడు లెక్కగట్టి గీసినవే.

కోడ్‌కు కూడా అలా లెక్కగట్టి ఇమ్మని మనమే చెప్పాలి. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు ఐటెమ్స్‌ను స్టార్ట్ ప్రకారం సార్ట్ చేయాలి, పాతవి ముందు వచ్చేలా. తర్వాత ఇన్‌క్లూడ్ రికరెన్సెస్‌ను (రిపీట్ అయ్యే మీటింగులను విడివిడిగా ఇమ్మని చెప్పే సెట్టింగ్) ట్రూ చేయాలి. ఆ తర్వాతే రిస్ట్రిక్ట్‌తో తేదీలు వడకట్టాలి. వేరే దేని ప్రకారం సార్ట్ చేసినా, స్టార్ట్‌నే తిరగేసి సార్ట్ చేసినా ఆ ట్రూ పనిచేయదు. ముందే వడకట్టేస్తే జనవరి ఐటెమ్ అప్పుడే పోతుంది, ఆ తర్వాత విడదీయడానికి ఏమీ మిగలదు.

వరుస సరిగ్గానే పెట్టినా ఇంకా రావట్లేదంటే, ప్రతి లైన్‌లోనూ ఫోల్డర్ డాట్ ఐటెమ్స్ అని రాశారేమో చూడండి. అలా రాసిన ప్రతిసారీ అవుట్‌లుక్ కొత్త కలెక్షన్ (ఐటెమ్స్ గుంపు) ఇస్తుంది. సార్ట్ ఒకదానికి, ట్రూ ఇంకొకదానికి, రిస్ట్రిక్ట్ మూడోదానికి చేసినట్టవుతుంది. ఐటెమ్స్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టుకుని మూడు పనులూ దానిమీదే చేయండి.

విడదీసిన తర్వాత కౌంట్‌ను నమ్మకండి. 2147483647 అని వస్తే కంగారు పడొద్దు. ముగింపు తేదీ లేని సిరీస్‌లో ఎన్ని మీటింగులు ఉంటాయో దానికీ తెలియదు. అందుకే ఒకటి నుంచి కౌంట్ దాకా తిరిగే లూప్ వద్దు, ఒక్కో ఐటెమ్‌నూ వరుసగా తీసే ఫర్ ఈచ్ వాడండి. ఫిల్టర్‌లో చివరి తేదీ కూడా తప్పనిసరి. అది లేకపోతే ఆ లూప్ ఎప్పటికీ ఆగదు.

ఇక తేదీలు. రిస్ట్రిక్ట్‌కు తేదీని అక్షరాల రూపంలో ఇస్తాం, దాన్ని ఆ కంప్యూటర్ విండోస్ రీజియన్ సెట్టింగ్ ప్రకారం చదువుతుంది. మన సెట్టింగ్‌లో 05-08 అంటే ఆగస్టు 5. అమెరికా సెట్టింగ్‌లో ఉన్న మెషిన్‌లో అదే మే 8. హైదరాబాద్‌లో అమెరికా కంపెనీ ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఉంటాయి కాబట్టి ఇది అరుదైన సమస్యేం కాదు. తేదీని చేత్తో రాయకుండా ఫార్మాట్ ఫంక్షన్‌కు 'డి' అక్షరం ఐదుసార్లు ఇవ్వండి, ఆ మెషిన్ సొంత పద్ధతిలోనే తేదీ వస్తుంది. పక్కన గంటలు, నిమిషాలు, ఏఎం పీఎం ఉంటే చాలు. సెకన్లు పెట్టకండి.

ఫిల్టర్‌లో ఏం అడగాలి? వారం ముగిసేలోపు స్టార్ట్ కావాలి, వారం మొదలయ్యాక ఎండ్ కావాలి. ఇలా అడిగితే ముందురోజు రాత్రి మొదలై తెల్లారేదాకా సాగిన కాల్ కూడా దొరుకుతుంది. ఎండ్ దగ్గర 'సమానం' గుర్తు మాత్రం పెట్టొద్దు. సోమవారం బోనాల సెలవును ఆల్ డే ఈవెంట్‌గా పెడితే దాని ఎండ్ మంగళవారం అర్ధరాత్రి 12:00. 'సమానం' ఉంటే మంగళవారం జాబితాలో కూడా సెలవు కనబడుతుంది. ఇదే సెలవుకు స్టార్ట్ బదులు స్టార్ట్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయంలో స్టార్ట్) చదివితే ఆదివారం సాయంత్రం 18:30 వస్తుంది. మన టైమ్ ఐదున్నర గంటలు ముందుంటుంది కదా, అదీ లెక్క.

కొందరు గెట్ రికరెన్స్ ప్యాటర్న్ (ఆ రిపీట్ నియమాన్ని ఇచ్చేది) పిలిచి తేదీలు తామే లెక్కగట్టుకుంటారు. నేనైతే వద్దంటాను. ఎవరైనా ఒక వారం మీటింగ్‌ను జరిపినా, తీసేసినా, ఆ పాత సమయానికి గెట్ అకరెన్స్ (ఫలానా సమయపు మీటింగ్‌ను ఇచ్చేది) అడిగితే ఎర్రర్ వస్తుంది. రిపీట్ కాని మీటింగ్ మీద ప్యాటర్న్ పిలిచి సేవ్ చేస్తే అది రిపీట్ అయ్యే మీటింగ్‌గా మారిపోతుంది కూడా. తప్పదనుకుంటే ముందు ఈజ్ రికరింగ్ (అది రిపీట్ అయ్యేదో కాదో చెప్పేది) చూసుకోండి.

కొత్త అవుట్‌లుక్‌కు మారిన వాళ్ల దగ్గర ఈ వీబీఏ పనిచేయదు, మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ (ఇంటర్నెట్ ద్వారా క్యాలెండర్ సమాచారం అడిగే పద్ధతి) దారిలో వెళ్లాలి. అక్కడా ఇదే చిక్కు ఉంది. ఈవెంట్స్ అని అడిగితే సిరీస్‌కు ఒక్క మాస్టర్ ఐటెమే వస్తుంది. క్యాలెండర్ వ్యూ అని అడిగి మొదటి, చివరి తేదీలు ఇస్తే విడదీసిన మీటింగులు వస్తాయి. సమయాలు మామూలుగా యూటీసీలో ఉంటాయి. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఈ వారం అభ్యాసం: మీ క్యాలెండర్‌లో ముగింపు లేని వారపు మీటింగ్ ఒకటి పెట్టండి. వచ్చే వారానిది ఒక గంట వెనక్కి జరపండి, ఆపై వారానిది తీసేయండి. ఇప్పుడు ఈ వారం నుంచి నాలుగు వారాలకు కోడ్ నడపండి. ఆ మీటింగ్‌వి మూడు వరుసలు రావాలి, అందులో ఒకటి జరిపిన సమయంతో ఉండాలి. నాలుగు వచ్చినా, ఒక్కటే వచ్చినా సార్ట్ లైన్ దగ్గర నుంచి మళ్లీ చూసుకుంటూ రండి.