గోబర్ గ్యాస్ పాఠాలు – 3: తొలి నింపుడు, తొలి మంట

కిందటి పాఠంలో గుంత తవ్వి, దీనబంధు నమూనాలో (నేలలో గోపురంలా కట్టే గ్యాస్ గుంత రకం) ఇటుక డోము కట్టి, లోపలి సిమెంటు పూత ఆరనిచ్చాం. దాంతోపాటు ఒక ఇంటిపని ఇచ్చాను: వారం రోజులు పొద్దున్నే కొట్టంలో పేడ ఎత్తి, తూచి రాసుకోమని. ఆ కాగితం ఇప్పుడు బయటికి తీయండి.

రోజుకు 50 కిలోలకు అటూఇటూగా వచ్చిందంటే రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే మన ప్లాంటుకు సరిపోతుంది. కిలో పచ్చిపేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ లెక్కన 2,000 లీటర్లు. నలుగురైదుగురున్న ఇంట్లో రెండు పూటలా వంట అయిపోతుంది. 30 కిలోలే వచ్చిందా, 1,200 లీటర్లతో సర్దుకోవాలి. రాత్రి కూర సిలిండర్ మీద పెట్టుకోండి, తప్పేం లేదు.

ఇక నింపుడు. రోజూ 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు పోస్తాం. మన ఎండలకు అది లోపల 40 రోజులుండాలి. అంటే గుంతలో దాదాపు 4,000 లీటర్లుంటాయి. మొదటిసారి అంతా ఒకేసారి నింపాలి కాబట్టి 2 టన్నుల పేడ కావాలి. సొంత కొట్టంలో అంత దొరకదు, ఇరుగుపొరుగును అడగక తప్పదు. తెచ్చింది తెచ్చినట్టు నీడలో కుప్పపోసి తడి గోనెలు కప్పండి. ఎండి పిడకైపోయిన పేడ మనకు పనికిరాదు.

గడ్డి, ఇసుక, రాళ్లు ఏరేయడానికి బద్ధకించొద్దు. గడ్డి పైకి తేలి తెట్టు కడుతుంది. ఇసుక అడుగున పేరుకుంటుంది. దాన్ని తీద్దామని ఎప్పుడైనా లోపలికి దిగాలనిపిస్తే, ఆ ఆలోచన అక్కడే మానుకోండి. లోపల ఊపిరాడదు, విషవాయువు కూడా ఉంటుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయే చోటది.

ఎంత పలచగా కలపాలి? పుస్తకాల్లో 8 నుంచి 10 శాతం ఘనపదార్థం అని ఉంటుంది. కొట్టంలో నిలబడి శాతాలు ఎవరు కొలుస్తారు! వాకిట్లో చల్లే కల్లాపి కంటే చిక్కగా, ఇల్లు అలికే పేడ కంటే పలచగా ఉంటే చాలు. ఉండలు చేత్తో చిదమండి. గ్యాస్ వాల్వు తెరిచే ఉంచి పోయండి, లోపలి గాలి పోతుంది. ఔట్‌లెట్ తొట్టి (వాడేసిన పేడనీళ్లు బయటికొచ్చేది) అడుగును తాకేదాకా నింపి, అప్పుడు వాల్వు మూసేయండి. దగ్గర్లో నడుస్తున్న ప్లాంటు ఉంటే దాని స్లర్రీ (లోపల పులిసిన పేడనీళ్లు) ఒకటి రెండు డ్రమ్ములు తెచ్చి కలిపితే పని త్వరగా అందుకుంటుంది.

ఇప్పుడు లోపల జరిగేది కాస్త ఓపిగ్గా చదవండి, ఈ పాఠానికి ప్రాణం ఇదే. గాలి తగలని చోట రెండు రకాల సూక్ష్మజీవులు వంతులవారీగా పనిచేస్తాయి. మొదటివి పేడను విరగ్గొట్టి పులుపుగా మారుస్తాయి. రెండోవి ఆ పులుపును తిని మీథేన్ ఇస్తాయి, మండే గ్యాస్ అదే. ఇవి ఆవు పొట్టలో ఉండేవే, పేడతోపాటు వచ్చేస్తాయి. అందుకే విడిగా విత్తనం కొననక్కర్లేదు. చిక్కేమిటంటే పులుపు చేసేవి గంటల్లో పెరుగుతాయి, గ్యాస్ చేసేవాటికి రోజులు పడుతుంది. మనం తొందరపడి మేత ఎక్కువ వేస్తే పులుపు మిగిలిపోయి, దాంట్లో రెండో రకం చస్తాయి.

నేను చేసిందదే. ఇంట్లో ఫంక్షన్ అయ్యాక మిగిలిన అన్నం పారేయడం ఎందుకని రెండు గంగాళాలు గుంతలో పోసేశాను. నాలుగో రోజుకు మంట నీరసించింది, వారానికి ఆరిపోయింది. ఔట్‌లెట్ దగ్గర పుల్లటి కంపు. మేత ఆపేసి, కాస్త సున్నపుతేట, తర్వాత పచ్చిపేడ కొంచెం కొంచెంగా పోస్తే మూడు వారాలకు తేరుకుంది. అన్నాళ్లూ ఇంట్లో నా పరువు ఏమైందో అడక్కండి.

అలాగని వంటింటి చెత్తతో గ్యాస్ రాదని కాదు. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థాల నుంచి గ్యాస్, కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు. సాంకేతికత తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థది. అక్కడ వ్యర్థాలను ముక్కలు చేసి, మెత్తగా రుబ్బి పంపిస్తారు. మనం కూడా రెండు నెలల తర్వాత గుప్పెడు గుప్పెడుగా మొదలుపెడదాం. నిమ్మతొక్కలు, సబ్బునీళ్లు, ఫినాయిల్ మాత్రం ఎప్పటికీ వద్దు.

వేసవిలో పది పదిహేను రోజులకు, చలికాలంలో ఇంకా ఆలస్యంగా గ్యాస్ చేరుతుంది. తొలి గ్యాస్ అంటుకోదు. అది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, డోములో మిగిలిన గాలి. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి మేస్త్రీని తిడతారు. చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, ఆరుబయట వదిలేసి వాల్వు మూయండి. ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూడండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం కలిస్తే పేలుతుంది, కాబట్టి అగ్గిపుల్ల గీసేది స్టవ్ దగ్గరే, పైపు మూతి దగ్గర కాదు. స్టవ్ కూడా గోబర్ గ్యాస్‌దే ఉండాలి. సిలిండర్ స్టవ్ జెట్ రంధ్రం సన్నం, మన గ్యాస్ ఒత్తిడికి చాలదు.

నీలిమంట నిలకడగా వచ్చిన రోజు నుంచి రోజువారీ మేత మొదలు. మొదటి వారం 25 కిలోలు, తర్వాత నెమ్మదిగా 50.

ఈసారి ఇంటిపని: నింపిన తేదీ, మంట అంటుకున్న తేదీ గోడ మీద బొగ్గుతో రాయండి. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీళ్లు చేరినట్టు. వాటిని తీయడం నాలుగో పాఠంలో.