చెక్కలో అసలు సైజు పిచ్చుక: కొలత నుంచి రంగు దాకా

చెక్కిన పిట్టలో జీవం లేకపోతే చాలామంది ఈకల్లో లోపం వెతుకుతారు. లోపం సాధారణంగా ఒంటి ఆకారంలో ఉంటుంది. ఆకారం తప్పాక దాని మీద వేడి పెన్నుతో ఎన్ని వేల ఈక గీతలు కాల్చినా అది గీతలు పడ్డ చెక్కముక్కే. అందుకే పనిలో సగం సమయం ఆకారానికే పెట్టండి.

మొదటి ప్రయత్నానికి మగ ఇంటిపిచ్చుక మంచిది. ముక్కు కొస నుంచి తోక చివరికి 14-16 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 17×8×7 సెంటీమీటర్ల దిమ్మ చాలు. బాస్‌వుడ్ అనే కలప కత్తికీ ఉలికీ మెత్తగా లొంగుతుంది. రోటరీ మెషిన్ వాడేవాళ్లకు టుపెలో నయం. నీటిలో పెరిగే చెట్టు ఉబ్బిన మొదలు నుంచి వచ్చే ఈ కలప బర్ (మెషిన్‌లో గిర్రున తిరిగే చెక్కే మొన) కింద అంతగా నూగు లేపదు. ఏ చెక్కైనా నార ముక్కు నుంచి తోకకు పొడవునా సాగాలి, అడ్డంగా ఉంటే ముక్కు కొస విరిగి చేతికొస్తుంది. తల పక్కకు తిప్పాలనుకుంటే దాన్ని విడిగా చెక్కి మెడ దగ్గర అతికించండి. అప్పుడు నార ముక్కు వెంటే ఉంటుంది.

కొలతలకు ఒక్క ఫొటోను నమ్మకండి. దగ్గర నుంచి తీసినదాంట్లో తల పెద్దదిగా, తోక పొట్టిగా పడుతుంది. దూరం నుంచి సరిగ్గా పక్కగా తీసినది ఒకటి, పైనుంచి తీసినది ఒకటి తీసుకోండి. పక్షుల పుస్తకంలో ఇచ్చిన ముక్కు పొడవుకు ఫొటోలోని ముక్కు సరిపోయే దాకా ప్రింటు సైజు మార్చండి. తోక 5-6 సెంటీమీటర్లకు దరిదాపుల్లో వచ్చిందా చూసుకోండి. రాకపోతే ఆ ఫొటో పక్కన పడేయండి.

పక్క ఆకారం ముందు కోయండి. కోసిన తుక్కు ముక్కలను టేపుతో మళ్లీ దిమ్మకే అంటించి, పైనుంచి కనబడే ఆకారం అప్పుడు కోయండి. లేకపోతే రంపం కింద దిమ్మ నిలవదు. వీపు మీద, పొట్ట మీద మధ్య గీత గీసి, చెక్కేటప్పుడు చెరిగిన ప్రతిసారీ మళ్లీ గీయండి. విసుగే, కానీ గీత పోయిన పిట్ట ఒక వైపు లావెక్కుతుంది.

తల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పైనుంచి చూస్తే పిచ్చుక తల ముక్కు వైపు సన్నబడుతుంది. చెంపలు రెండూ సమాంతరంగా వదిలేస్తే కళ్లు చెరో దిక్కు చూస్తాయి. కన్ను రావలసిన చోట రెండు వైపులా గుండుసూదులు గుచ్చి, ముందు నుంచి, పైనుంచి చూడండి. అర మిల్లీమీటరు తేడా కూడా పట్టేస్తుంది. సరిచూశాకే బెజ్జం. గాజుకన్ను 4 మిల్లీమీటర్లయితే బెజ్జం 5. అందులో ఎపాక్సీ పుట్టీ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది) నింపి కన్ను నొక్కండి. బయటికి పొడుచుకొస్తే పిట్ట భయపడ్డట్టు ఉంటుంది. దారంలా చుట్టిన పుట్టీతో రెప్ప అంచు పెట్టి, తడి సూదితో సన్నగా నొక్కితే సరి.

ఈకలను పెన్సిల్‌తో గీసి, రెక్కల పెద్ద ఈకలకు అంచు దింపండి. తోకలో ఈకలు 12. మూసిన తోకకు పైన కనబడేది మధ్య జత, మిగతావి వాటి కిందికి పోతాయి. తిరగేసి చెక్కితే పిట్టల గురించి తెలిసినవాళ్లు ముందు అదే చూస్తారు. పొట్ట, రొమ్ము మీద ఈక ఈకకూ అంచు తీయకండి, అక్కడ చిన్న గుంపులుగా మెత్తటి ఎత్తుపల్లాలు చాలు.

కాల్చే పెన్నుతో పని తోక నుంచి తల వైపు సాగాలి. అప్పుడే ముందున్న ఈక అంచు వెనక ఈక మీద శుభ్రంగా పడుతుంది. మిల్లీమీటరుకు 2-3 గీతలు, ఈక కాడ నుంచి అంచుకు వంపు తిరుగుతూ రావాలి. నిటారుగా గీస్తే దువ్వెనలా ఉంటుంది. గీత లేత గోధుమ రంగులో ఉందంటే వేడి సరిపోయింది. నల్లబడితే అంచులు మాడి, రంగు కింద నుంచి కూడా కనబడతాయి. పొగ పీల్చకుండా ఫ్యాన్, చెక్కేటప్పుడు దుమ్ముకు మాస్క్ ఉండాలి. అయ్యాక మెత్తటి బ్రష్‌తో మసి దులపండి.

కాళ్లకు ఇత్తడి తీగ, మీద పుట్టీ. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి. పాదాలు పిట్ట బరువు కేంద్రానికి నేరుగా కింద ఉన్నాయో లేదో నూలు గుండు వేలాడదీసి చూడండి.

పల్చటి లక్కపూతతో చెక్కను మూసి, నీళ్లు కలిపిన జెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల పూత) రెండు పూతలు వేయండి. చిక్కగా వేస్తే గంటల తరబడి కాల్చిన గీతలన్నీ పూడిపోతాయి. అక్రిలిక్ రంగులు కూడా పాలంత పల్చగా, ఒక్కో పూత ఆరాక మరొకటి. గొంతు నలుపుకు సీసాలోని నల్లరంగు వాడకండి, మొద్దుగా కనబడుతుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరీన్ నీలం కలిపితే వచ్చే నలుపులో లోతు ఉంటుంది. కంటి గాజు మీద పడ్డ రంగును వెదురు పుల్ల కొసతో గీకేయండి. ఇనుప కొస వద్దు, గాజు మీద గీత పడితే కన్ను మసకబారినట్టే ఉండిపోతుంది.