బెజవాడ ఎండల్లో రీఫ్ అక్వేరియం: ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

రెండు వందల లీటర్ల రీఫ్ అక్వేరియానికి, అంటే ఉప్పునీటిలో సజీవ పగడాలను, సముద్రపు చేపలను పెంచే తొట్టెకు, విజయవాడలో జనవరిలో అయ్యే కరెంటు ఖర్చుకూ, మే నెలలో అయ్యే ఖర్చుకూ మధ్య మూడు రెట్లకు మించిన తేడా ఉంటుంది. ఉప్పు ధర, లైట్ల ధర, పగడాల ధర పెరిగాయని అందరమూ అనుకుంటాం, అవి పెరిగిన మాట నిజమే. కానీ పటమటలోని మా ఇంట్లో ఆరేళ్లుగా రాసుకుంటున్న జమాఖర్చుల పుస్తకం తిరగేస్తే, డబ్బులో పెద్ద భాగం ఒక్క పనికే పోతున్నట్లు తేలింది. ఆ పని బయటి వేడిని తొట్టెలోని నీళ్లకు తగలకుండా ఆపడం. అందుకే ఇక్కడ వేడి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు ధరల సంగతి. సముద్రపు ఉప్పు మిశ్రమం, లైట్లు, పరీక్షా ద్రావణాలు, పగడాలు చాలావరకు విదేశాల నుంచి వచ్చేవే. 2014లో 60 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2024 నాటికి 84 రూపాయల దగ్గరికి చేరింది కాబట్టి, అక్కడ ధర మారకపోయినా ఇక్కడ మారుతుంది. దానికి తోడు సరఫరా కూడా తగ్గింది. ఇండోనేషియా 2018లో పగడాల ఎగుమతిని ఆపివేసి, తర్వాత పెంపకపు పగడాలతో మళ్లీ మొదలుపెట్టింది. హవాయిలో 2021లో అక్వేరియం చేపల వేట నిలిచిపోయాక పసుపు ట్యాంగ్ చేప ధర ప్రపంచమంతటా పెరిగిపోయింది. వీటిలో మన చేతుల్లో ఉన్నది ఏదీ లేదు. మన చేతుల్లో ఉన్నవి మన గది, మన నీళ్లు, మన తొందర.

కరెంటు లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. రాష్ట్రంలో 2022లో సవరించిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, అక్కడి నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. అక్వేరియం వాడే యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా పడేవి కనుక, వాటికి ఎప్పుడూ మన బిల్లులోని పై స్లాబు రేటే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. పంపులు, స్కిమ్మర్ (నురగ పుట్టించి నీటిలోని మలినాలను తీసే పరికరం), ఎనిమిది గంటల లైటు కలిపి రోజుకు 1.6 యూనిట్లు, అంటే నెలకు 48 యూనిట్లు అనుకుందాం. జనవరిలో ఇంటి వాడకం 120 యూనిట్లయితే ఈ 48 యూనిట్లకు సుమారు 280 రూపాయలు అవుతుంది. మే నెలలో ఏసీల వల్ల ఇంటి వాడకం 300 యూనిట్లకు చేరి, నీటిని చల్లబరిచే 180 వాట్ల చిల్లర్ యంత్రం రోజుకు 12 గంటలు నడిస్తే, తొట్టె వాటా 113 యూనిట్లు అవుతుంది, దానికి బిల్లు వెయ్యి రూపాయలు దాటుతుంది. సర్దుబాటు చార్జీలు, డ్యూటీ దీని మీద అదనం. కొత్తగా తొట్టె పెట్టాలనుకునేవారు కొనే ధరను కాకుండా ఈ మే నెల బిల్లును చూసి తొట్టె పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.

తొట్టెను ఎక్కడ పెడతామన్నది ఏ యంత్రం కొంటామన్నదానికంటే ముఖ్యం. పడమటి గోడకు ఆనించి పెట్టకూడదు, ఎందుకంటే మధ్యాహ్నమంతా ఎండ తాగిన ఆ గోడ రాత్రి పది గంటల వరకు వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. పై కప్పు నేరుగా ఎండకు మాడే చివరి అంతస్తు కూడా మంచిది కాదు. చాలామంది అతిథులకు కనబడాలని తొట్టెను హాల్లో పెడతారు; నేను మాత్రం రాత్రి ఎలాగూ ఏసీ వేసుకునే పడకగదిలో పెట్టమని గట్టిగా చెబుతాను. మనకోసం చల్లబరిచిన గదిలోనే తొట్టె కూడా ఉంటే చిల్లర్‌కు రోజుకు ఎనిమిది గంటలు దాదాపు విశ్రాంతి దొరుకుతుంది. తొట్టె వెనుక, పక్కల, అడుగున అంగుళం మందం థర్మాకోల్ పలకలు అమర్చితే ఖర్చు రెండు మూడు వందలకు మించదు, ఫలితం మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది.

నీటి ఉష్ణోగ్రతను 25 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచాలన్న పట్టుదల మన ఊళ్లో ఖరీదైనది, అవసరం కూడా లేదు. గది 34 డిగ్రీలున్నప్పుడు నీటిని 25 దగ్గర ఉంచాలంటే తేడా తొమ్మిది డిగ్రీలు, 27 దగ్గర ఉంచాలంటే ఏడు. లోపలికి వచ్చే వేడి ఆ తేడాకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి, రెండు డిగ్రీలు సడలిస్తే గది నుంచి వచ్చే భారం అయిదో వంతుకు పైగా తగ్గుతుంది. పగడాలు 27 డిగ్రీలలో హాయిగా పెరుగుతాయి. వాటికి ప్రమాదం 30 దాటి రోజుల తరబడి ఉన్నప్పుడు, లేదా ఒకే రోజులో మూడు నాలుగు డిగ్రీలు ఎగిరి పడినప్పుడు. స్థిరమైన 27 కంటే ఊగిసలాడే 25 హానికరమని నా అనుభవం.

చిల్లర్ కొనకముందు ఫ్యాను గురించి ఆలోచించాలి. నీటి ఉపరితలం మీదుగా వీచే పది వాట్ల చిన్న ఫ్యాను నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతే 2.7 యూనిట్ల వేడి పోయినట్లే, అందుకు ఫ్యాను తిన్న కరెంటు పావు యూనిట్‌కు మించదు. అయితే ఈ పద్ధతి గాలి పొడిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. పడమటి వడగాలి వీచే మే మధ్యాహ్నాల్లో అది అద్భుతంగా సాయపడుతుంది, తొలకరి తర్వాత గాలిలో తేమ నిండాక నిస్సహాయంగా తిరుగుతూ ఉంటుంది. నేను ఈ తేడా తెలియక మొదటి ఏడాది జూన్‌లోనే చిల్లర్ ఆపివేసి ఫ్యాను మీద భరోసా పెట్టాను. జూలైలో వాన లేని ఉక్క రోజుల్లో నీరు 31 డిగ్రీలకు చేరింది, వారం తిరగకుండా తొట్టెలోని లెదర్ పగడం రంగు కోల్పోయి తెల్లబడింది. కరెంటు బిల్లులో నేను మిగుల్చుకున్నది నాలుగు వందల రూపాయలు. ఆ పగడం మళ్లీ కోలుకోలేదు, దాన్ని ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. కాబట్టి ఫ్యానును చిల్లర్‌కు తోడుగా వాడండి, బదులుగా వాడకండి. రెండింటినీ ఒకే ఉష్ణోగ్రత కంట్రోలర్‌కు కలిపి, 26.5 దగ్గర ఫ్యాను, 27.5 దగ్గర చిల్లర్ మొదలయ్యేలా అమర్చుకోండి.

చిల్లర్ నీళ్లలోంచి తీసిన వేడిని బయటికి ఊదుతుంది. అది మూసిన గదిలో, తొట్టె కింది అరలో ఉంటే ఆ వేడి తిరిగి గదిలోకే వస్తుంది, దాన్ని తోడిపోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తింటుంది. ఒకే వేడికి రెండుసార్లు డబ్బు కడుతున్నట్లు. గొట్టాలను పొడిగించి యంత్రాన్ని నీడ ఉన్న బాల్కనీలో పెట్టడం ఉత్తమం. అది కుదరకపోతే కనీసం అర వెనుక పలకనైనా తీసివేసి, నెలకొకసారి జాలీకి పట్టిన దుమ్మును బ్రష్‌తో దులపాలి. నీటిలో మునిగి ఉండే పంపు వాడుకున్న ప్రతి వాటూ చివరికి నీటిలో వేడిగానే మారుతుంది కనుక, పాత పంపు చెడిపోయినప్పుడు తక్కువ వాట్ల డీసీ పంపు కొంటే రెండు విధాల ఆదా అవుతుంది.

ఇక నీళ్లు. కృష్ణా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, గుంటూరులో చాలా పేటల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఇంట్లో తాగునీటికి వాడే ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే నీటిలో కూడా టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల కొలత, యాభై దాకా మిగిలి ఉండవచ్చు. దాని తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి అమర్చి టీడీఎస్ సున్నాకు తేవాలి. ఖనిజాలు కలుపుతారు కాబట్టి తాగునీటి క్యాన్లు పనికిరావు. ఏసీ నుంచి కారే నీరు స్వచ్ఛమైనదే కదా అని పట్టిపోసేవారున్నారు. అది రాగి గొట్టాల మీదుగా వస్తుంది, అతి కొద్ది రాగి కూడా పగడాలను, రొయ్యలను చంపుతుంది. ఆర్‌ఓ బయటికి వదిలే నీటిని మాత్రం పారబోయకుండా ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. ఆవిరైన నీటికి బదులు ఎప్పుడూ మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు.

ఉప్పు దగ్గర ఆదా చేయాలని చూసేవారికి వచ్చే మొదటి ఆలోచన, గుంటూరు నుంచి 60 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక ఉండగా సముద్రపు నీరే తెచ్చుకోకూడదా అన్నది. కృష్ణ సముద్రంలో కలిసే ఈ తీరంలో ఒండ్రు ఎక్కువ, వరదల కాలంలో ఉప్పదనం బాగా పడిపోతుంది, పైగా రొయ్యల చెరువుల నుంచి వదిలే నీరు కాలువల ద్వారా అక్కడికే చేరుతుంది. మంగినపూడి నల్లమట్టి తీరాన్ని చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. రెండో ఆలోచన చినగంజాం కొఠార్ల రాళ్ల ఉప్పు. మడిలో సముద్రపు నీరు చిక్కబడేటప్పుడు కాల్షియం ముందే జిప్సంగా అడుగున పేరుకుపోతుంది, మెగ్నీషియం చివరన మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది, నడుమ మనకు దక్కేది దాదాపుగా సోడియం క్లోరైడే. పగడానికి కావలసిన రెండు ఖనిజాలూ దానిలో లేనట్టే. కాబట్టి రీఫ్ ఉప్పు కొనక తప్పదు. వృథా కాకుండా చూసుకోవడమే మనం చేయగలిగింది. లీటరుకు 37, 38 గ్రాముల చొప్పున వారానికి 20 లీటర్లు మార్చితే ఏడాదికి 39 కిలోల దాకా ఖర్చవుతుంది. చేపలు తక్కువగా ఉండి, వాటి వ్యర్థాల నుంచి పుట్టే నైట్రేటు పది పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) దాటకపోతే పదిహేను రోజులకొకసారి మార్చినా చాలు. అప్పుడు ఉప్పు ఖర్చు సగానికి దిగుతుంది.

నీటి మార్పిడి తగ్గించినప్పుడు ఖనిజాలను విడిగా అందించాలి, ఇక్కడే సీసాల్లో అమ్మే ఖరీదైన ద్రావణాలకు నిజమైన ప్రత్యామ్నాయం ఉంది. ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల నిల్వ) కోసం వంటసోడా సరిపోతుంది: వంద లీటర్ల నీటిలో ఒక డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) పెరగడానికి మూడు గ్రాములు కావాలి. బేకింగ్ పౌడర్ వేరే పదార్థం, పొరపాటున దాన్ని వాడకూడదు. కాల్షియం కోసం ఆహారయోగ్యమైన కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 3.7 గ్రాములు వేస్తే వంద లీటర్లలో పది పీపీఎం పెరుగుతుంది. రెండింటినీ వేర్వేరుగా నీటిలో కరిగించి, మధ్య కనీసం అరగంట వ్యవధి ఇచ్చి, నీటి ప్రవాహం బలంగా ఉన్నచోట కొద్దికొద్దిగా పోయాలి. కలిపి పోస్తే తెల్లటి పొడిగా విడిపోయి రెండూ వృథా అవుతాయి. ఆల్కలినిటీ 8 డీకేహెచ్, కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంచడం లక్ష్యం. చెరువుల కోసం అమ్మే ఖనిజాల బస్తాలు చవకే గాని, వాటి స్వచ్ఛత అక్వేరియానికి తగినది కాదు.

కొలతల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. అయినా ఒక చిన్న ఆదా ఉంది. నీటి ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను సరిచూసుకోవడానికి ప్రత్యేక ద్రావణం కొననక్కరలేదు, 963.5 గ్రాముల స్వచ్ఛమైన నీటిలో 36.5 గ్రాముల శుద్ధ సోడియం క్లోరైడ్ కరిగిస్తే అది పరికరం మీద 35 పీపీటీ (సముద్రపు నీటిలో వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) చూపాలి.

జీవుల ఎంపికలో చట్టం, ఖర్చు ఒకే దారి చూపిస్తాయి. మన సముద్రాల్లోని రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. దిగుమతి అయిన రాతి పగడాలకు సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులుండాలి, కాగితాలు చూపని అమ్మకందారు దగ్గర ఎంత చవకగా వచ్చినా కొనకండి. కొత్తవారికి నా సలహా మష్రూమ్, లెదర్, జోయాంథిడ్ వంటి మెత్తటి పగడాలు. వీటికి తక్కువ వెలుతురు చాలు, కాల్షియం వాడకం తక్కువ, కాస్త ఉష్ణోగ్రత పెరిగినా తట్టుకుంటాయి. జోయాంథిడ్లను తాకేటప్పుడు చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి, వాటిలో కొన్ని జాతులలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది. చేపల్లో క్లౌన్ చేపను ఎంచుకోండి. దాన్ని హేచరీలో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే అభివృద్ధి చేసింది, పెంపకపు చేప తొట్టె జీవితానికి, పొడి మేతకు ముందే అలవాటు పడి ఉంటుంది. కొనుగోళ్లన్నీ నవంబరు, ఫిబ్రవరి మధ్యనే పెట్టుకోండి, ఎండాకాలంలో ప్రయాణించి వచ్చిన జీవి సగం ప్రాణంతో వస్తుంది. చనిపోయిన దాని స్థానంలో మరొకటి కొనడమే ఈ అభిరుచిలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

చివరగా కరెంటు కోత. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నగరంలోని అనేక కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అటువంటప్పుడు చేపలను ముందు చంపేది వేడి కాదు, ఆక్సిజన్ కొరత. ఇంటి ఇన్వర్టర్ మీద చిల్లర్‌ను, లైట్లను వేయవద్దు. పది వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటి ఉంటే నీరు కదులుతూ ఆక్సిజన్ అందుతుంది, బ్యాటరీ కూడా చాలాసేపు నిలుస్తుంది. దానికి తోడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని, సెల్స్ విడిగా తీసి పక్కనే ఉంచండి. రెండు లీటర్ల సీసాల్లో గడ్డకట్టించిన మంచినీళ్లను ఏప్రిల్ నుంచి ఫ్రీజర్‌లో సిద్ధంగా పెట్టుకోండి. మూత విప్పకుండా సీసాను వడపోత పరికరాలుండే చిన్న తొట్టె అయిన సంప్‌లో వదిలి, అరగంటకోసారి థర్మామీటర్ చూస్తూ, గంటకు ఒక డిగ్రీకి మించి తగ్గకుండా బయటికి తీస్తూ ఉండాలి. ఆ రోజు, మరుసటి రోజు మేత వేయకండి.