మృగశిర లోపు జిగురు పని ముగించండి: ఇంట్లో గిటార్లు, వీణలు చేసుకునేవాళ్లకు వానాకాలపు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండకి రెండున్నర మిల్లీమీటర్ల గిటార్ పలక పగిలిందంటే వింతేముంది? కాకపోతే ఎండ పాపం దాన్ని పగలగొట్టలేదు. ఆ పలకని ఎవరో వానాకాలంలో, చెక్క తేమ తాగి ఉబ్బి ఉన్నప్పుడు అతికించి ఉంటారు. ఆగస్టులో చేసిన తప్పు ఏప్రిల్లో చప్పుడు చేస్తుంది. మధ్యలో ఎనిమిది నెలలు గడిచిపోతాయి కాబట్టి తప్పెక్కడ జరిగిందో మనకి తట్టదు.

ఇప్పుడు మే ఆఖరు. మృగశిరకి ఇంకా పదీ పన్నెండు రోజులుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం జనం బారులు తీరే రోజుకల్లా నేను జిగురు సీసా మూత బిగించేస్తాను. మళ్లీ తీసేది దసరా దాటాకే. ఈ పది రోజుల్లో ఏం ముగించాలి, వానల్లో ఏం చెయ్యొచ్చు, ఏం ముట్టుకోకూడదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. డాబా మీద గదిలోనో, బాల్కనీలోనో, కార్ పార్కింగ్ మూలనో పని చేసుకునేవాళ్ల కోసం ఇది. పెద్ద కార్ఖానాల వాళ్లకి ఇవన్నీ తెలిసినవే.

ముందు చెక్క సంగతి. చెక్క పొడవునా దాదాపు పెరగదు, తరగదు. నారకి అడ్డంగా మాత్రం గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గాలిలో తేమ 40 శాతం చిల్లర ఉంటే చెక్కలో నీరు 7, 8 శాతం దగ్గర నిలుస్తుంది. హైదరాబాద్ జూలై, ఆగస్టు ముసురులో గాలి తేమ 75, 80 దాటితే చెక్క 14 శాతం దాకా తాగుతుంది. గిటార్ పై పలకకి వాడే స్ప్రూస్‌ని 400 మిల్లీమీటర్ల వెడల్పున తీసుకుంటే, ఈ తేడాకి అది సుమారు 4 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన పలక అడుగున అడ్డంగా, దానికి బలాన్నిచ్చే బ్రేసు పట్టీలు అతికించామనుకోండి, పట్టీ నార అటు, పలక నార ఇటు. ఎండాకాలం వచ్చి పలక ముడుచుకోబోతే పట్టీ కదలనివ్వదు. ఇక పలకకి మిగిలిన దారి చీలిపోవడమే.

ఎండగా ఉన్నప్పుడు అతికిస్తే ఇంతకి ఇంత ఇబ్బంది లేదు. వానల్లో పలక కొంచెం పొట్ట ఉబ్బుతుంది, తీగలు ఎత్తుకుంటాయి, వాయించేవాళ్లు సణుగుతారు. చలికాలానికి మళ్లీ దిగుతుంది. మరీ ఎండలో, తేమ 25 శాతం ఉన్నప్పుడు అతికించడం కూడా మంచిది కాదు గానీ, రెండిట్లో ఒక తప్పు తప్పదంటే నేను ఎండ తప్పే చేస్తాను.

కూలర్ నాకు నేర్పిన పాఠం

ఇదంతా పుస్తకాల్లో చదివి, బుద్ధిగా మే నెలలోనే ఒక గిటార్ వెనక పలక అతికించాను. జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్క. అంత అందమైన ముక్క నా చేతికి మళ్లీ రాలేదు. తర్వాతి మార్చిలో ఒక రాత్రి పదకొండింటికి బీరువా మీద నుంచి టప్‌మని చప్పుడు. మా ఆవిడ బల్లేమో అంది. లైటు వేసి చూస్తే వెనక పలక మీద, మధ్య అతుకుకి రెండు వేళ్ల పక్కన, జానెడు పొడుగు చీలిక. గోరు దూరేంత.

మా వీధి చివర కార్పెంటర్ మేస్త్రి ఒకాయన ఉన్నారు. ఆయనకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "అతికిచ్చినప్పుడు గదిల కూలర్ నడిచిందా సార్?" అన్నారు. నడిచింది. మేలో డాబా గదిలో కూలర్ లేకుండా ఎవడు కూర్చుంటాడు? "ఇంకేంది మరి. కట్టెకు కడుపు నిండ నీళ్లు తాపి, అప్పుడు కట్టేసిన్రు," అన్నారాయన నవ్వుతూ.

అప్పటికి నా దగ్గర గాలి తేమని కొలిచే హైగ్రోమీటర్ లేదు. కొన్నాక, అంటే ఆ తర్వాతి వేసవిలో, కొలిచి చూశాను. బయట డాబా మీద 24 శాతం. గదిలో కూలర్ వేసిన గంటకి 68. బయట రోహిణి, లోపల శ్రావణం. అందుకే ఈ పది రోజుల్లో జిగురు పని పెట్టుకున్నవాళ్లకి నా మొదటి మాట: కూలర్ ఆపండి. అతికించే రోజు ఒక్కటీ ఆపితే చాలదు, నాలుగైదు రోజుల ముందు నుంచే ఆ గదిలో వద్దు. ఏసీ ఉంటే వాడుకోండి, అది తేమని లాగేస్తుంది. ఏదీ లేకపోతే తెల్లవారుజామున అయిదింటికి లేచి పని చేసుకోవడమే. చెమట బొట్టు స్ప్రూస్ మీద పడితే మచ్చ తీయడం కష్టం, తలకి ఒక గుడ్డ కట్టుకోండి.

మీటరుని నమ్మేముందు

మూడు వందల రూపాయల డిజిటల్ హైగ్రోమీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో కొన్ని పది పాయింట్లు అబద్ధం చెబుతాయి. పరీక్షించడానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ఇసుక తడిసినట్టు ఉండేలా నాలుగు చుక్కలు నీళ్లు పొయ్యండి. ఉప్పు కరిగి నీరైపోకూడదు, ముద్దగా ఉండాలి. ఆ మూతనీ మీటరునీ గాలి చొరబడని డబ్బాలో పక్కపక్కన పెట్టి, మూత బిగించి, పన్నెండు గంటలు కదపకండి. లోపల తేమ 75 శాతానికి వచ్చి నిలుస్తుంది. మీటరు 75 చూపిస్తే మంచిదే. 81 చూపిస్తే, ఆరు ఎక్కువ చెబుతోందని వెనకాల స్టిక్కర్ అంటించి వాడుకోండి. నాది నాలుగు తక్కువ చెబుతుంది. నేను ఏటా రోహిణిలో ఒకసారి, దసరాకి ఒకసారి ఈ పరీక్ష చేస్తాను.

వానల్లో అతికించక తప్పని పరిస్థితి వస్తే, గదిని ఆరబెట్టే ప్రయత్నం వదిలేసి, చెక్కని ఆరబెట్టే పెట్టె చేసుకోండి. పాత ఇనప బీరువా గానీ పాడైపోయిన ఫ్రిజ్ గానీ పనికొస్తుంది. అడుగున పాతకాలపు గుండు బల్బు, 40 లేదా 60 వాట్లది. ఎల్‌ఈడీ వెయ్యకండి, మనకి కావలసింది దాని వెలుగు కాదు, వేడి. గదిలో 27 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉందనుకుంటే, అదే గాలి పెట్టెలో 37 డిగ్రీలకి వేడెక్కేసరికి తేమ దాదాపు 45కి దిగుతుంది. పలకల మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా వారం ఉంచండి. బల్బుకి చెక్కకి మధ్య కనీసం అడుగున్నర ఎడం, చుట్టూ ఇనప జాలీ ఉండాలి. రంపపు పొట్టు, జిగురు గుడ్డలు ఆ పెట్టె దరిదాపుల్లో ఉండకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బల్బు ఆర్పేసి వెళ్లండి. పెట్టెలోంచి తీసిన పలకని గంటలోపు అతికించి, క్లాంపులు బిగించి, జిగురు పట్టాక మళ్లీ పెట్టెలోకే. ముసురు రోజుల్లో తెల్ల జిగురు నెమ్మదిగా ఆరుతుంది. క్లాంపులు రోజంతా ఉండనివ్వండి, సీసా మీద అరగంట అని రాసి ఉన్నా సరే.

కిటికీ మూయాలా, తెరవాలా

వానాకాలపు అసలు పేచీ ఇదే. తేమ రాకూడదంటే కిటికీలు మూయాలి. చెక్క పొడి, స్పిరిట్ ఆవిరి పోవాలంటే తెరవాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే సాండ్ పేపర్ పనీ పాలిషూ వానలకి ముందే ముగించండి, లేదా చలికాలానికి వాయిదా వెయ్యండి. మూసిన గదిలో మాత్రం రుద్దకండి.

చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. జిట్రేగి జాతి చెక్కల పొడి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెస్తుంది. మొదటి పది వాయిద్యాలకి ఏమీ కాకపోయినా పదకొండో దానికి రావచ్చు. కరోనా నాటి నీలం గుడ్డ మాస్కులు దీనికి ఆగవు, పక్కల నుంచి పొడి లోపలికి వచ్చేస్తుంది. ఎన్95 ముక్కుకి నొక్కి పెట్టుకోండి. గడ్డం ఉన్నవాళ్లకి అదీ సరిగా కూర్చోదు. పని అయ్యాక చీపురు పట్టకండి, కింద పడ్డ పొడి మళ్లీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి.

ముసురులో లక్క పాలిష్ గానీ, తిన్నర్ కలిపి వేసే లాకర్ పూత గానీ వేస్తే తెల్లగా పాలిపోతుంది. స్పిరిట్, తిన్నర్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పడుతుంది. నెలల కష్టం మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర. మార్కెట్లో పాలిష్ స్పిరిట్ పేరుతో వచ్చే దాంట్లో మిథనాల్ కలిసి ఉండొచ్చు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. చేతులకి నైట్రైల్ తొడుగులు వేసుకోండి, పక్కన దీపం, అగరబత్తి, గ్యాసు పొయ్యి ఉండకూడదు. అవిసె నూనె రాసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడెయ్యకండి. అవి ఆరుతూ ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో ముంచండి, లేదా ఆరుబయట విప్పి ఆరేయండి.

కరెంటు గురించి రెండు మాటలే, కానీ రెండూ ప్రాణం మీదివి. ఈదురుగాలికి కరెంటు పోగానే చేతిలో ఉన్న డ్రిల్లు, రూటరు (చెక్కలో గాడి తీసే మెషీను), గ్రైండరు ఏదైనా సరే స్విచ్ ఆపి ప్లగ్గు పీకెయ్యండి. టీ తాగి వచ్చేలోగా కరెంటు వస్తే బల్ల మీది రూటరు తనంతట తాను తిరుగుతుంది. రెండోది, డాబా గదికి 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందా చూసుకోండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించాకే తడి కాలంలో మెషీన్లు ముట్టుకోండి. స్లాబు ఉరిసే గదిలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద ఉండకూడదు, గోడకి కొట్టించండి.

చెక్క నిల్వ సెల్లార్లో పెట్టినవాళ్లు ఈ వారమే పైకి చేర్చండి. 2020 అక్టోబర్ 13 నాటి వానకి టోలిచౌకి నదీం కాలనీ లాంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు రాని వీధిలో ఉన్నా, నేలకి జానెడు ఎత్తులో, గోడకి తగలకుండా పేర్చండి. తొలకరికి దీపం చుట్టూ ఉసిళ్లు మూగాయంటే చుట్టుపక్కల ఎక్కడో చెద పుట్ట ఉందన్న మాట. ఆ వారంలో చెక్కల అడుగు ఒకసారి టార్చి వేసి చూడండి. పిండి రాలుతుంటే పుచ్చు పురుగు పట్టినట్టే, ఆ ముక్కని మిగతా వాటి నుంచి వేరు చెయ్యండి. పనస లాంటి వాటిలో చేవ కంటే తెల్ల చెక్కనే పురుగు ముందు పడుతుంది. వర్షానికి ముందు చవగ్గా ఇస్తామని ఎవరైనా ఎర్రచందనం దుంగ చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. ఏ చెక్కకైనా టింబర్ డిపో బిల్లు అడిగి తీసుకోండి, జిట్రేగికైతే తప్పకుండా.

వీణ దగ్గర లెక్క కొంచెం వేరు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) అంతా ఒకే పనస మానులోంచి తొలుస్తారు. ఏకాండి వీణకి అతుకుల భయం తక్కువ. పచ్చి దుంగ తెచ్చుకున్నవాళ్లు మాత్రం రెండు కొసలకీ కరిగించిన మైనం గానీ పెయింటు గానీ పూయండి, లేకపోతే నీరు కొసల నుంచే తొందరగా పోయి అక్కడే బీటలు వారుతుంది. వీణకి భయం ఇప్పుడే, ఈ ఎండల్లోనే. 24 మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి. రేకుల గదిలో, పై అంతస్తులో, కారు డిక్కీలో మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి. కింది గదిలో, ఎండ తగలని గోడ పక్కన, కూలర్ గాలికి దూరంగా పెట్టండి.

ఉలులు, చిత్రిక బ్లేళ్లు ఈ వారమే పదును పెట్టి, పలచగా మెషిన్ ఆయిల్ రాసి గుడ్డలో చుట్టండి. మొండి ఉలి మీద బలం ఎక్కువ పెడతాం, జారితే లోతుగా దిగేది అదే. చెక్క పట్టుకున్న ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలి మొన వెనకే ఉండాలి. నా బొటనవేలి కింద నాలుగు కుట్ల మచ్చకి కారణం రెండు సెకన్ల బద్ధకం, చెక్కని బల్లకి క్లాంపు వెయ్యలేదు. చివరి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే డాక్టర్ని అడగండి. స్టీలు తీగలు బిగించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, గిటార్ ఆరు తీగలు కలిపి 70 కిలోల పైనే లాగుతుంటాయి.

ఇక వానల్లో చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మెడ చెక్కుకోండి, బిరడాలు కోసుకోండి, అచ్చులు, జిగ్గులు (చెక్కని, పనిముట్టుని కుదురుగా పట్టి ఉంచేవి) చేసుకోండి. దసరా దాటాక మధ్యాహ్నపు రీడింగు వారం పాటు వరసగా 50 లోపు ఉంటే పలకలు బయటికి తీయొచ్చు. తొందర లేనివాళ్లు ఫిబ్రవరి దాకా ఆగండి. నేను ఆ జిట్రేగి పలక చీలికకి లోపల నుంచి సన్న పట్టీలు వేసి మూసింది ఫిబ్రవరిలోనే, కూలర్ పైన పరదా కప్పి ఉన్నప్పుడు.