స్టార్మ్ ఆఫ్ వెంజెన్స్ వేసినా ఫలితం లేదా? తేడా ఎక్కడ కొడుతోందో చూద్దాం

పాచికలు వేస్తూ ఆడే పాత్రల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) 17వ లెవెల్‌కి వస్తే గానీ ఈ తొమ్మిదో లెవెల్ స్పెల్ (మంత్రం) వేయలేదు. అంతకాలం ఆగి లేపిన తుఫాను తుస్సుమంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కానీ స్పెల్‌లో లోపం లేదు, చాలామంది దాన్ని తప్పు చోట వాడుతున్నారు. కింది అంకెలు 2014 రూల్స్‌వి, 2024లో కొన్ని మారాయి.

సమస్య: బాస్‌కి చీమ కుట్టినట్టు కూడా లేదు

కారణం: ఇది ఒక్కడిని చంపే స్పెల్ కాదు. మూడో రౌండ్‌లో (రౌండ్ అంటే పోరాటంలో ఆరు సెకన్ల వంతు) ఆరు పిడుగులు పడతాయి, కానీ ఒక్కొక్కరి మీద ఒక్కటే పడాలి. డ్రాగన్ నిమిషం పాటు మేఘం కిందే ఉండి ప్రతి సేవ్ (దెబ్బ తప్పించుకోడానికి వేసే పాచిక) ఓడిపోయినా మొత్తం డ్యామేజ్ సగటున 73 దగ్గర ఆగిపోతుంది, అడల్ట్ రెడ్ డ్రాగన్‌కేమో 256 హిట్ పాయింట్స్ (ప్రాణబలం).

పరిష్కారం: సైన్యం మీద వేయండి. మామూలు గార్డ్‌కి ఉండేవి 11 హిట్ పాయింట్స్. మొదటి ఉరుముకి సేవ్ గెలిచి తప్పించుకున్నా రెండో రౌండ్‌లో యాసిడ్ వాన 1డి6 (ఆరు ముఖాల పాచిక ఒకటి), నాలుగులో వడగళ్ళు 2డి6, ఐదు నుంచి చలివాన 1డి6, ఈ మూడింటికీ సేవ్ లేదు కాబట్టి ఐదో రౌండ్ దాటేసరికి నిలబడి ఉండేది ఏ కొద్దిమందో. యాసిడ్ వాన వస్తువుల్నీ తింటుంది, అంటే కోట గోడకి వేసిన నిచ్చెనలు, గుడారాలు కూడా. పిడుగులు మాత్రం సేనాపతులకి, మాంత్రికులకి దాచండి.

సమస్య: అందరూ పారిపోతున్నారు

మేఘం మధ్య బిందువు నుంచి అన్ని వైపులా 360 అడుగుల వరకు పరుచుకుంటుంది. 30 అడుగుల స్పీడ్ ఉన్నవాడు డాష్ చేస్తూ (రెట్టింపు దూరం పరుగెడుతూ) నడిమధ్య నుంచి అంచుకి రావడానికి కనీసం ఆరు రౌండ్లు పడుతుంది, అంచు దగ్గరున్నవాడు ఒక్క రౌండ్‌లోనే జారుకుంటాడు. అందుకే మైదానం కంటే లోయ, వంతెన, మూసిన కోట గుమ్మం లాంటి చోట మేఘాన్ని పెట్టాలి, బయటికొచ్చే దారిని మీ టీమ్‌లో ఇంకెవరైనా మూసేయాలి.

సమస్య: రెండో రౌండ్‌కే తుఫాను ఆగిపోయింది

కాన్సంట్రేషన్ (స్పెల్‌ని నిలబెట్టే ఏకాగ్రత) పోయింది, అంతే. దెబ్బ తగిలిన ప్రతిసారీ 10 గానీ, డ్యామేజ్‌లో సగం గానీ, ఏది ఎక్కువైతే దానికి కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) సేవ్ వేయాలి. మేఘం కింద మీరే నిలబడితే మీ వాన మిమ్మల్నే కొడుతుంది, ఇది శత్రువు, మిత్రుడు అని చూడదు. రేంజ్ కంటికి కనిపించినంత దూరం కదా, మధ్య బిందువుకి 400 అడుగులైనా ఎడంగా గుట్ట మీద నుంచి వేసి వెంటనే చాటుకి వెళ్ళండి. వైల్డ్ షేప్‌లోకి (జంతు రూపంలోకి) మారినా కాన్సంట్రేషన్ చెదరదు, పక్షిగా మారి ఎగిరిపోవడం నాకు బాగా నచ్చిన దారి. కాన్సంట్రేషన్ సేవ్ సులువు చేసే వార్ కాస్టర్ ఫీట్ (అదనపు నైపుణ్యం) ఉంటే ఇంకా ధైర్యం.

సమస్య: మన విలుకాళ్ళు బాణాలు వేయలేకపోతున్నారు

ఐదో రౌండ్ నుంచి మేఘం కింద గాలివాన, ఏమీ కనిపించదు, రేంజ్డ్ ఆయుధాలు పనిచేయవు. వడగళ్ళు పడగానే కాన్సంట్రేషన్ మీరే వదిలేయండి, దానికి యాక్షన్ ఖర్చు కాదు.

సమస్య: పాచికలు వేస్తూనే సాయంత్రం అయిపోతోంది

డ్యామేజ్ అందరికీ కలిపి ఒక్కసారే వేయాలి, అది రూలే. మొదటి ఉరుముకి పదిమందికి కలిపి ఒక సేవ్ వేద్దామని ఆట నడిపే డీఎంని ముందే అడిగి ఒప్పించుకోండి. పిడుగు పడిన ఆరుగురికి మాత్రం విడివిడిగా వేయండి, టేబుల్ అంతా ఊపిరి బిగబట్టి చూసేది వాటినే.