ఊరి ఆటగాడితో 30 సెకన్ల ఆరోగ్య సందేశం: ఎలా తియ్యాలి, ఎక్కడ చెడుతుంది

మహమ్మారి రోజుల్లో మండలంలోని ఆటగాళ్లతో ఆరోగ్య సందేశాలు చెప్పించాలనుకునే పీఈటీలు (బడిలో ఆటల మాస్టార్లు), యువజన సంఘాలు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సిబ్బంది కోసం రాసినది ఇది. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లను దృష్టిలో పెట్టుకున్నాం. ముందుగా ఒక్క నియమం: ఆటగాడు వైద్యం చెప్పకూడదు. తాను రోజూ చేసే పని చేసి చూపించాలి, మందూ మాకూ సంగతికి జనాన్ని ఏఎన్ఎం (ఊరి నర్సు) దగ్గరికి పంపాలి. ఈ గీత దాటిన చోటే వీడియోలు చెడతాయి.

ఎవరిని అడగాలి?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి లాంటి పేరు వినబడితే జిల్లా అంతా ఆగి చూస్తుంది. కానీ సూది వేయించుకోవాలా వద్దా అని తటపటాయించే ముసలమ్మ మనసు మార్చేది మాత్రం తమ వీధి పిల్లే. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన విజయనగరం జిల్లా కొండవెలగాడ లాంటి ఊళ్లో వెయిట్‌లిఫ్టర్లను వెతుక్కోనక్కర్లేదు. మిగతా ఊళ్లలో సంక్రాంతి కబడ్డీ, వాలీబాల్ జట్ల కెప్టెన్లు చాలు. మా ఓటు వాళ్లకే.

అడిగే ముందు ఆ మనిషి ఈమధ్య ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటోలు చూడండి. గుంపులో మాస్కు లేకుండా దిగిన ఒక్క ఫొటో చాలు, చెప్పినదంతా నీరుగారిపోతుంది. 2020 జూన్‌లో టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ ముందుండి నడిపించిన ఆడ్రియా టూర్ పోటీల్లో ఆయనతో పాటు మరికొందరు ఆటగాళ్లకూ కోవిడ్ సోకింది. దూరం పాటించమని ప్రపంచమంతా చెబుతున్న రోజుల్లో ఆ పోటీల ఫొటోలే జనానికి ఎక్కువ గుర్తుండిపోయాయి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేస్తున్నవాళ్లయితే ముందుగా శాఖ అనుమతి అడగమనండి. ‘ఇమ్యూనిటీ’ పొడులు అమ్మేవాళ్లు ఖర్చు పెట్టుకుంటామంటూ వస్తారు, వద్దనండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మళ్లీ చేస్తే అది 50 లక్షల దాకా వెళ్తుంది.

ఏం చెప్పించాలి?

ఒక వీడియోకి ఒకే పని. చేతులు కడుక్కోవడం, మాస్కు, టీకా మూడూ కలిపితే ఒక్కటీ గుర్తుండదు. నిదానంగా మాట్లాడితే 30 సెకన్లలో 45 నుంచి 50 మాటలే పడతాయి. అంతకుమించి రాస్తే మనిషి పరుగెత్తి చదువుతాడు. కాగితం మీద రాసిచ్చి చదివించకండి. విషయం చెప్పి, తన మాటల్లో చెప్పమనండి. సినిమాల్లో ఉత్తరాంధ్ర యాసను నవ్వుకోడానికి వాడి వాడి, కెమెరా చూడగానే మన పిల్లలు పుస్తక భాషలోకి జారిపోతున్నారు. “గ్రౌండ్ నుంచి రాగానే ముందు సేతులు కడిగీస్తాను, తరవాతే పాపని ఎత్తుకుంటాను” అని ఒక అమ్మాయి అంటే అలాగే ఉంచండి, దిద్దకండి. సీతంపేట వైపు ఊళ్లకి సవరలో, ఇచ్ఛాపురం వైపు ఒడియాలో విడిగా తియ్యాలి. తెలుగు వీడియో కింద అక్షరాలు వేస్తే చదువు రానివాళ్లకి ఉపయోగం లేదు.

చేతుల వీడియోకి వెయిట్‌లిఫ్టర్లను మించినవాళ్లు లేరు. బార్ పట్టుకోడానికి పూసుకునే తెల్ల చాక్ పొడి నీళ్లలో దాదాపు కరగదు. రెండు చేతులకీ పూయించి, ముందు ఉత్తి నీళ్లతో అయిదు సెకన్లు కడిగించండి. బొటనవేలి వెనక, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ తెలుపు మిగులుతుంది. అక్కడ కెమెరాని దగ్గరికి తీసుకెళ్లండి. తరవాత సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడిగి చూపించాలి. ఈ రెండు షాట్లుంటే మాటలు అక్కర్లేదు.

మాస్కు విషయంలో జరిగే పొరపాటు, మాస్కు పెట్టుకుని బరువులెత్తడమో పరుగెత్తడమో చూపించడం. కసరత్తు చేసేటప్పుడు మాస్కు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. చెమటకి తడిసి ఊపిరి ఆడదు. సాధన బయట, మనిషికీ మనిషికీ దూరంగా. అయిపోయాక మాస్కు పెట్టుకుని బజారుకి. ఈ వరసలో తియ్యండి. గడ్డం కిందికి జారిన మాస్కుతో ఉన్న ముక్క ఏదైనా ఉంటే నిర్దాక్షిణ్యంగా కోసెయ్యండి.

టీకా గురించైతే తనకి నిజంగా ఏం జరిగిందో అదే చెప్పాలి. జబ్బ నొప్పెట్టిందా, ఒకరోజు జ్వరం వచ్చిందా, సాధనకి ఎప్పుడు వెళ్లాడు? “ఏమీ అవ్వదు” అని మాత్రం అనిపించకండి. మర్నాడు జ్వరం వచ్చిన మనిషి ఆ మాటనీ, మిమ్మల్నీ, ఆశా కార్యకర్తనీ కలిపి నమ్మడం మానేస్తాడు. కోవిడ్ టీకా వేసుకుంటే డోపింగ్ పరీక్షలో దొరుకుతామని భయపడే కుర్రాళ్లుంటారు. అది నిషేధిత మందుల జాబితాలో లేదని వాళ్లకి నచ్చజెప్పండి.

రికార్డింగ్

పొద్దున్న ఏడులోపు, గాలి లేనప్పుడు, గ్రౌండులోనే తియ్యండి. ఫోను ఛాతీ ఎత్తులో, సూర్యుడు తియ్యేవాళ్ల వెనక ఉండాలి. మాస్కు వెనక నుంచి గొంతు మూసుకుపోయినట్టు వస్తుంది. అందుకని మనిషిని ఒంటరిగా నిలబెట్టి, మీరు రెండు మీటర్ల దూరంలో ఉండి, మాస్కు లేకుండా మాట్లాడించండి. చివర్లో కెమెరా ముందే మాస్కు పెట్టుకుని నడిచి వెళ్లాలి. రెండో ఫోను అతని చొక్కా జేబులో పెట్టి గొంతు విడిగా రికార్డు చేస్తే ధ్వని బాగుంటుంది. చివరి మూడు సెకన్లు తెరమీద ‘104’ ఆరోగ్య సేవల నంబరు, గ్రామ సచివాలయం పేరు, తారీఖు ఉండాలి.

తారీఖు ఎందుకంటే సలహాలు మారతాయి. కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు, తరవాత 6 నుంచి 8, 2021 మేలో 12 నుంచి 16 వారాలు అయింది. పాత వీడియో చూసి సెంటరుకి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లాల్సి వస్తుంది. గడువులు, వయసులు ఆటగాడి నోట పెట్టకుండా “ఎప్పుడన్నది ఏఎన్ఎంని అడగండి” అనిపిస్తే వీడియో పాతబడదు. విడుదలకి ముందు మెడికల్ ఆఫీసరుకి చూపించడం తప్పనిసరి.

ఊళ్లోకి ఎలా వదలాలి?

30 సెకన్లలోపు వీడియో ఏ ఫోనులోనైనా ముక్కలవకుండా స్టేటస్‌గా వెళ్తుంది. మత్స్యకార ఊళ్లలో చేపల వేటకి గుజరాత్ వెళ్లినవాళ్ల వాట్సాప్ గ్రూపులని మరిచిపోకండి.

ఆటో మైకుకి వేరే రికార్డింగ్ కావాలి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో 100 మీటర్లు దాటడానికి 36 సెకన్లే పడుతుంది. ఇంట్లో ఉన్న మనిషికి వినబడేది అంతే. సందేశం 12 సెకన్లకి కుదించి, మధ్యలో రెండు సెకన్లు ఆపి, తిప్పి తిప్పి వెయ్యండి. నేపథ్య సంగీతం పెడితే హారన్ స్పీకర్లో మాట కలిసిపోతుంది, వద్దు.

మూడో రోజున సంతకి వెళ్లి పదిమందిని అడగండి: ఎవరు చెప్పారు, ఏం చెయ్యమన్నారు, ఎక్కడికి వెళ్లమన్నారు? సగం మందికి పైగా ఆటగాడి పేరు చెప్పి పని చెప్పలేకపోతే వీడియోలో మనిషి ఎక్కువయ్యాడు, చేతులు తక్కువయ్యాయి. ఆ మొదటి పది సెకన్లని మళ్లీ తియ్యండి.